రెండే కేసులున్న ఠాణా

కోయిలగుట్ట, మహబూబ్‌నగర్ జిల్లా
9 జూన్ 2015

తమ్మీ జాషువా,

నువ్వు, మరదలు, పిల్లలు అంతా మంచిగున్నరని తలుస్తున్న. నేను మంచిగనే ఉన్న, నా చెవులు తప్ప. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఆఁ, ఆఁ" అన్నదంతా ఉత్తదే. పక్కన కూర్చొని మాట్లాడితే వినపడతది గని, ఫోన్ల నాకు తేనెటీగల చప్పుడే. నువ్వేం చెప్పినవో ఒక్క ముక్క తెలియదు. ఏమన్న ఒప్పుకొని ఉంటే అది చెల్లదు. అందుకే ఎప్పటిలాగ కాగితం పట్టుకున్న.

సంగతి గ్లోరీది. నీ మేనకోడలు డిగ్రీ ఫస్టు క్లాసుల పాసైంది. రెండు మందుల కంపెనీలు పిలిచినయి. ఒకటి మా జిల్లాలనే, ఇంటికి గంటన్నర తోవ. ఇంకోటి మీ దిక్కు, హైవే పక్కన, మీ ఎర్రకుంటకు ఆనుకొనే. రెండిట్లనూ పొద్దుగాల ఆరు గంటల డ్యూటీ, హాస్టల్ల ఉండాలె. మీ బావ పోయిన కాడినుంచి దాన్ని ఒక్కదాన్ని ఎక్కడికీ పంపలేదు. అదేమో "అమ్మా, ఎక్కడైతేంది, పోనియ్యి" అంటది. నాకు నిద్ర పడతలేదు.

నువ్వు ఠాణాల రైటర్‌వి. ఎక్కడ ఎన్ని కేసులైతయో నీ చేతి మీదుగనే పోతది. మా దిక్కు ఎట్లున్నది, మీ దిక్కు ఎట్లున్నది, లెక్క చూసి చెప్పు. బాపు బతికి ఉంటే నిన్ను అడగమనే చెప్పేటోడు. నీ ఖాకీ అంగీ మీద ఆయనకు అంత నమ్మకం. నువ్వు ఎటంటే అటు పంపుత.

మీ అక్క
ఈదమ్మ


ఎర్రకుంట, నల్గొండ జిల్లా
16 జూన్ 2015

అక్కా,

నీ ఉత్తరం ఠాణాకే వచ్చింది. మా హోంగార్డు జానీ అందరి ముందర "రైటర్ సాబ్‌కు ప్రేమలేఖ వచ్చింది" అని చాటింపు వేసిండు. అక్క రాసిందంటే ఎవరు నమ్ముతరు? ఈ కాలంల ఉత్తరం రాసేది కోర్టు, నువ్వు, ఇద్దరే. ఫోన్ల నువ్వేం ఒప్పుకున్నవో చెప్పనా? క్రిస్మస్‌కు నాకు రెండు నాటుకోళ్లు ఇస్తనని ఒప్పుకున్నవు. అది చెల్లుతది.

గ్లోరీ గురించి నువ్వు అడగాల్సిన మనిషినే అడిగినవు. నెల నెలా క్రైం మీటింగుకు పట్టిక తయారు చేసేది నేనే. మీ దిక్కు కూడా అదే పని చేసే దోస్తు ఉన్నడు, అతన్ని అడిగి తెప్పిచ్చిన. కింద రాస్తున్న, కండ్లద్దాలు పెట్టుకొని చూడు.

ఆడవాళ్ల మీద జరిగిన నేరాలు, 2014 సంవత్సరం:
మీ దిక్కు, కంపెనీ ఉన్న కాడి ఠాణా: 41
మా పక్క మండలం ఠాణా: 17
మా ఎర్రకుంట ఠాణా: 2

ఆ రెండు కూడా మొగుడు పెండ్లాల తగాదాలు. ఈ ఏడాది ఇప్పటిదాకా సున్నా. నలభై ఒకటి ఎక్కడ, రెండు ఎక్కడ? నేను వేరే చెప్పేదేమున్నది. మొన్న జనవరి ఇరవయ్యారున మా ఎస్సైకి, నాకు ప్రశంసాపత్రం ఇచ్చిన్రు. దాన్ని ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక గోడకు కొట్టించిన. ఏఎస్సై ప్రమోషన్ లిస్టుల నా పేరు ఉన్నదని అంటున్నరు.

గ్లోరీని కళ్లు మూసుకొని ఇటు పంపు. మేనమామ ఉన్న ఊర్ల పిల్లకు ఫికర్ ఏంది?

నీ తమ్ముడు
జాషువా


కోయిలగుట్ట
28 జూన్ 2015

తమ్మీ,

నీ కాగితం ఎంత పని చేసిందో చెప్పాలె.

బుధవారం మహిళా సంఘం మీటింగుల నీ పట్టిక చదివి వినిపించిన. నలభై ఒకటి అనంగనే అందరూ "అయ్యో" అన్నరు. రెండు అనంగనే యాదమ్మ లేచి నిలబడ్డది. యాదమ్మ అంటే రఘుపతి భార్య, పెద్ద వాడకట్టు వాళ్లు, నీకు యాదికి ఉండాలె. వాళ్ల బిడ్డ శ్రీవాణి మన గ్లోరీతో కలిసి చదివింది, దానికి కూడా అవే రెండు పిలుపులు వచ్చినయి. తండ్రి వద్దంటే వద్దని కూర్చున్నడట.

మర్నాడు యాదమ్మ మన ఇంటికి వచ్చింది. ఇన్నేండ్లల మన వాడకు ఏనాడూ రాని మనిషి. మన గడప మీద కూర్చొని నీ కాగితం మళ్లీ చదివించుకున్నది. "గీ రాత మీ తమ్మునిదేనా? ఠాణాల నుంచే వచ్చిందా?" అని అడిగింది. అవునంటే, "అట్లయితే నా బిడ్డ సుత గ్లోరీ ఎంబడే పోతది. నీ మాట మీద పంపుతున్న ఈదమ్మా" అన్నది. ఆమె పోయినంక ఆ గడప కాడ నేను ఎంతసేపు నిలబడ్డనో నాకే తెలియదు. బాపు చూడకపాయె అని ఏడుపొచ్చింది.

నీ పట్టికను బస్టాండు కాడ లామినేషన్ చేయించి నేను పని చేసే అంగన్‌వాడీల గోడకు కొట్టిన, పిల్లల బరువుల చార్టు పక్కన. వచ్చినోళ్లందరూ చదువుతున్నరు.

ఇద్దరు పిల్లలు జూలై ఐదున వస్తరు. శ్రీవాణిని కూడా నీ కోడలి లెక్కనే చూసుకో.

అక్క


ఎర్రకుంట
3 ఆగస్టు 2015

అక్కా,

పిల్లలు కుదురుకున్నరు. హాస్టల్ రూము మంచిగున్నది, కిటికీల నుంచి గుట్ట కనపడతది. ఆదివారం చర్చి అయినంక గ్లోరీ, శ్రీవాణి ఇద్దరూ మా ఇంటికే వస్తరు. శ్రీవాణి మొదటి వారం పళ్లెం ముందర జర సంకోచపడ్డది. రెండో వారం మీ మరదలు చేసిన కూర రెండుసార్లు వేయించుకున్నది. నవ్వుకుంట తిరిగే పిల్ల.

ఒక్క సంగతి. పొద్దుగాల ఐదున్నరకు కంపెనీ బస్సు హైవే మీదికి వస్తది. హాస్టల్ నుంచి కంకర మిషన్ పక్కన, గుట్ట కింద నుంచి ఒక అడ్డతోవ ఉన్నది, పది నిమిషాలల పోవచ్చు. పిల్లలకు ఆ తోవ వద్దని చెప్పిన. తారు రోడ్డు మీదుగ చుట్టూ తిరిగి పొమ్మన్న. నువ్వు కూడా గ్లోరీకి చెప్పు, నా మాట వింటదో వినదో. ఏం లేదు, ఆ తోవల కుక్కలు ఉంటయి. అంతే.

జాషువా


ఎర్రకుంట
20 నవంబర్ 2015

అక్కా,

తొందరల రాస్తున్న. యాదగిరిగుట్ట గుడి కాడ బందోబస్తు పడ్డది, ఇంకో గంటల పోవాలె.

శ్రీవాణి హాస్టల్ బాత్రూంల జారి పడ్డది. మోచెయ్యికి కుట్లు పడ్డయి. నేనే దవాఖానకు తీసుకపోయి చూపిచ్చిన, పెద్ద దెబ్బ కాదు. పది రోజులు ఇంటి కాడ ఉండమని పంపుతున్న. యాదమ్మకు నువ్వే నిమ్మళంగ చెప్పు. గ్లోరీ పని ఎక్కువై అలసిపోయి ఉన్నది, దాన్ని ఎక్కువ మాట్లాడియ్యకు.

నీ కోళ్ల సంగతి మర్చిపోలేదు.

జాషువా


కోయిలగుట్ట
28 డిసెంబర్ 2015

జాషువా,

నువ్వు పంపిన క్రిస్మస్ కేకు అందింది. డబ్బా ఇప్పలేదు.

గ్లోరీ పండుగకు వచ్చింది. పండుగ మర్నాడు వంటింట్ల అరిసెలు ఒత్తుకుంట కూర్చున్నం. నేను మామూలుగనే, "మీ మామ చెప్పినట్టు ఆ కుక్కల తోవల పోతలేరు కదా" అన్న. పిల్ల చేతుల పిండి అట్లనే ఉన్నది, నా మొఖం చూసింది. "అమ్మా, అక్కడ కుక్కలు లేవు" అన్నది. అన్నంక మొత్తం చెప్పింది.

శ్రీవాణికి కుట్లు పడ్డ రోజు, బస్సుకు లేటయిందని ఇద్దరూ అడ్డతోవల పోయిన్రు. కంకర మిషన్ కాడ ఒకడు ఆకుపచ్చ బండి ఆపి శ్రీవాణి చున్నీ పట్టి గుంజిండు. పిల్ల కంకర మీద పడ్డది. పడ్డదాన్ని ఈడ్చుకపోబోయిండు. నా బిడ్డ రాళ్లు తీసుకొని కొట్టి, అరిచి, వాణ్ని ఉరికిచ్చింది. ఇద్దరూ ఆ నెత్తురు బట్టలతోనే సక్కగ నీ ఠాణాకు వచ్చిన్రు. ఎందుకు రారు? మామ కూర్చున్న జాగ. రెండే కేసులున్న జాగ.

శ్రీవాణి ఎడమ చెయ్యితో నెత్తురు కారే మోచెయ్యి మీద చున్నీ ఒత్తిపట్టుకొని కుడిచేత్తో దరఖాస్తు రాసిందట. నువ్వు దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబుల పెట్టుకున్నవట. "బిడ్డా, గిది కాగితం మీద పెడితే రేపు నీ పేరే ఊరంత తిరుగుతది. వాని సంగతి నేను చూసుకుంట. మీ అమ్మకు చెప్పకుండ్రి" అన్నవట. నా బిడ్డను పక్కకు పిలిచి, "నా మీద ఒట్టు, అమ్మకు చెప్పకు" అన్నవట.

శ్రీవాణి దవాఖాన చీటీ యాదమ్మ నాకు ముందే చూపించింది. "బాత్రూంల జారి పడ్డది" అని ఉన్నది. అది డాక్టరు రాత కాదు. నీకు అక్షరాలు దిద్దించింది నేను జాషువా. నీ "జ" ఎట్లుంటదో నాకు తెలియదా?

యాదమ్మకు ఇంకా తెలియదు. మొన్న కొత్త కందులు గిన్నెల పోసి పంపింది. "మీ తమ్ముడు ఉన్నడు గనుక నా బిడ్డకు కుట్లు ఏసే దిక్కన్న ఉండె" అని చెప్పి పంపింది. ఆ గిన్నె ఇంకా నా ఇంట్ల ఉన్నది. తిరిగి ఇయ్యడానికి పోవాలంటే కాళ్లు వస్తలేవు.

నాకు ఒక్కటే చెప్పు. ఆగస్టులనే ఆ తోవ వద్దన్నవు. ఎందుకు వద్దన్నవు?

ఈదమ్మ


ఎర్రకుంట
5 జనవరి 2016

అక్కకు,

నీ ఉత్తరం చూసిన. నువ్వు ఆవేశంల ఉన్నవు. ఠాణా పని నీకు తెలియదు గనుక వివరంగ రాస్తున్న.

కేసు కట్టుడంటే అలకటి పని కాదు. పిల్ల కోర్టుకు తిరగాలె, అడ్డమైన ప్రశ్నలకు జవాబు చెప్పాలె. రఘుపతి పెద్ద వాడకట్టు మనిషి, ఆయనకు పేరు ప్రతిష్ఠ ఉంటది. రేపు పెండ్లి సంబంధం వస్తే ఎవరు జవాబుదారీ? నేను ఆ కంకర మిషన్ ఓనర్‌ను పిలిచి గట్టిగ హెచ్చరించిన. ఆ మనిషిని పనిల నుంచి తీసేస్తనని మాటిచ్చిండు. సమస్య అక్కడికే సమాప్తమైంది. మా కాడ చానా విషయాలు ఇట్లనే రాజీల పరిష్కారం చేస్తం. అందరికీ మంచిదే.

శ్రీవాణి గౌరవం గురించే నేను చేసింది. నువ్వు యాదమ్మతో చెప్పి ఊర్ల గడబిడ చేయకు.

జాషువా


కోయిలగుట్ట
19 జనవరి 2016

జాషువా,

నేను అడిగిన దానికి నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు వద్దన్నవో రాయలేదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. అందుల నా తమ్ముడు ఎక్కడా లేడు, ఎవరో రైటర్ ఉన్నడు.

గిన్నె తీసుకొని యాదమ్మ ఇంటికి పోయిన. మొత్తం చెప్పిన. పది రోజులని వచ్చి తిరిగి డ్యూటీకి పోని శ్రీవాణి తలుపు సందున నిలబడి విన్నది. యాదమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండు. "నీ మాట మీద పంపిన ఈదమ్మా" అని ఒక్క మాట అన్నది.

రెండో రోజు యాదమ్మే వచ్చింది. "ఇప్పుడు యాడికి పోదాం?" అన్నది. నాకు తోచింది ఒక్కటే. నువ్వు నలభై ఒకటి అని రాసిన ఠాణా. ముగ్గురం బస్సు ఎక్కి పోయినం. పోతున్నంతసేపూ నేను బాపును యాది చేసుకున్న.

నీకు ఐదేండ్లు అప్పుడు, బాపు భుజం మీద ఉన్నవు. పొలం కాడ ఆయన్ను కొట్టిన్రని ఠాణాకు పోయినం. దరఖాస్తు రాసింది నేనే, ఆరో తరగతి రాతతో. చెప్పులు చేతిల పట్టుకొని బాపు పొద్దుందాక వాకిట్ల నిలబడ్డడు. రైటర్ వచ్చి కాగితం చదివి, మడతపెట్టి, మళ్లీ బాపు చేతుల పెట్టి, "పోరా గురవయ్యా, ఊర్ల మాట్లాడుకోండ్రి" అన్నడు. నువ్వు పోలీసుల ఎంపికైన రోజు బాపుతోని ఏమన్నవో యాది చేసుకో. "బాపూ, నేను ఆ కుర్చీల కూర్చుంట, నీ అసుంటోడు వస్తే రాస్త" అన్నవు. ఆ మాట చెప్పుకుంటనే ఆయన పోయిండు.

ఆ ఠాణాల ఏం జరిగిందో విను. లోపలికి పోంగనే ఒక ఆడ కానిస్టేబుల్ మా ముగ్గురికీ కుర్చీలు వేసింది. శ్రీవాణికి నీళ్లు ఇచ్చింది. నాకు సరిగ వినపడదంటే పక్కకు జరిగి కూర్చొని, గట్టిగ, నిమ్మళంగ చెప్పింది. శ్రీవాణి చెప్పిందంతా రాసుకున్నది, రాసింది మళ్లీ చదివి వినిపించింది. "ఇది జరిగిన జాగ వేరే ఠాణా కిందికి వస్తది, అయినా సరే, సున్నా నంబరు పెట్టి రాసి వాళ్లకు పంపుతం" అన్నది. మా పక్కన ఇంకో ఇద్దరు ఆడోళ్లు కూడా కూర్చొని ఉన్నరు, వాళ్లయీ రాస్తున్నరు. అప్పుడు తెలిసింది నాకు ఆ నలభై ఒకటి ఏందో. నలభై ఒక్కమంది లోపలికి పోయి కుర్చీల కూర్చున్నరన్న మాట. నీ కాడ ఇద్దరే కూర్చున్నరు.

నిన్నొక్కణ్నే అనను. నేను కూడా తక్కువ దాన్ని కాదు. రెండేండ్ల కింద సూపర్‌వైజర్ వస్తున్నదని ఐలేశం బిడ్డ బరువు చార్టుల ఎర్ర రంగు కాడ వేయాల్సిన చుక్క పసుపు కాడ వేసిన. మా సెంటరుకు మంచి పేరొచ్చింది. ఆ పాపకు ఆరు నెలలు అదనపు గుడ్డు రాలేదు. ఇది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. లెక్క ఎట్ల తగ్గుతదో తెలిసిన దాన్ని, నీ పట్టిక చూసినప్పుడు అడగాల్సింది. నీ గొప్ప చూసుకొని అడగలేదు.

కాగితం నీ టేబుల్ మీదికి వస్తది. దానికి నంబరు ఉన్నది, మడతపెట్టి జేబుల పెట్టుకోరాదు. ఇంకొక్కటి అడుగుత, దీనికన్న జవాబు రాయి. శ్రీవాణి జాగల గ్లోరీ ఉంటే, ఆ దరఖాస్తు రాసేటోనివా?

ఈదమ్మ


ఎర్రకుంట
14 ఫిబ్రవరి 2016

అక్కా,

పోయిన నెల ఇరవై ఏడున ఆ కవరు వచ్చింది. జానీయే తెచ్చి టేబుల్ మీద పెట్టిండు. చింపి చూస్తే శ్రీవాణి పేరు, నీ సాక్షి సంతకం. మా ఎస్సై నాగేందర్ సార్ చదివి, "మన ఊరి కేసు పక్క జిల్లా వాళ్లు రాసి పంపుడేంది, ఇజ్జత్ పోయింది" అన్నడు. ఆయన నన్ను తిట్టిన దానికి నాకు బాధ కాలేదు. ఆ రాసిన పద్ధతి చూస్తే సిగ్గయింది. ఎన్నింటికి, ఎక్కడ, ఏ చెయ్యి, చున్నీ రంగేంది, అన్నీ ఉన్నయి. నా పదహారేండ్ల సర్వీసుల అంత శ్రద్ధగ ఒక ఆడపిల్ల మాట నేను రాయలేదు.

వాణ్ని మూడో రోజే పట్టుకున్నరు. హనుమంతు అని, కంకర మిషన్ ట్రాక్టర్ డ్రైవర్, ఆ ఆకుపచ్చ బండి వానిదే. పనిల నుంచి తీసేస్తనన్న ఓనర్ తియ్యలేదు. నేను మళ్లీ అడగను కూడా అడగలేదు. ఇప్పుడు వాడు రిమాండ్‌ల ఉన్నడు. శ్రీవాణి ఫోటోల గుర్తుపట్టింది.

నువ్వు అడిగినవు, ఆగస్టుల ఎందుకు వద్దన్నవని. చెప్పుత. ఠాణాల నా బల్ల కింద ఒక రేకుపెట్టె ఉన్నది. అందుల పదకొండు దరఖాస్తులు ఉండె. అన్నీ ఆ తోవవే, మూడేండ్లవి. హాస్టల్ పిల్లలయి, కూలీకి పోయే ఆడోళ్లయి. నాలుగింట్ల ఆకుపచ్చ బండి అని రాసి ఉన్నది. మొదటిదానికి నేను నంబరేసి ఉంటే తతిమ్మా పది ఉండేటివి కావు, శ్రీవాణిది ఉండేది కాదు.

ఎందుకు రాయలేదంటే, నెల తిరిగితే మీటింగు. సర్కిల్ సార్ అన్ని ఠాణాల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తడు. పెరిగిన ఠాణా రైటర్‌ను నిలబెట్టి అడుగుతడు. తగ్గిన ఠాణా రైటర్‌కు చాయ్ వస్తది. నేను చాయ్‌కి అలవాటు పడ్డ. వచ్చినోళ్లకు సర్దిచెప్పి పంపుడే పని అని నేర్చుకున్న, అది నాకు మంచిగ వచ్చింది. వాళ్లు ఏడ్చుకుంట వచ్చి, కళ్లు తుడుచుకొని పోతుంటే మంచే చేసిన అనుకునేటోన్ని. ఆ పట్టికను నేనే తయారు చేసి, నేనే నమ్మి, నీకు పంపిన. అయినా లోపల తెలుసు, కాబట్టే ఆ తోవ వద్దన్న.

గ్లోరీ అయితే రాసేటోనివా అని అడిగినవు. రాసేటోన్ని కాదు అక్కా. అబద్ధం చెప్పి నీ ముందర తప్పించుకోవచ్చు, చెప్పను. గ్లోరీ అయితే ఇంకా లోపలికి దాచేటోన్ని. నీకు అసలే తెలియనిచ్చేటోన్ని కాదు. ఆ ప్రశ్న చదివిన రోజు నుంచి గ్లోరీ మొఖం చూడలేకపోతున్న. ఆదివారం అది ఇంటికి వస్తే నేను పెరట్లకు పోతున్న.

పోయిన సోమవారం ఆ పెట్టె తీసి ఎస్సై ముందర పెట్టిన. ఆయన తలుపు దగ్గరికేసి, "జాషువా, పాతయన్నీ ఎందుకు తీస్తున్నవు? లిస్టుల నీ పేరున్నది. పొయ్యిల పెట్టు, నేను చూడలే అనుకుంట" అన్నడు. నేను వాపసు పోయి నా కుర్చీల కూర్చొని, జనరల్ డైరీల పదకొండూ ఎక్కించిన. అందినప్పుడు రాయనిది నేనే అని కూడా రాసి సంతకం పెట్టిన. ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. నా వెనక గోడకున్న ఫ్రేము తీసి కింద పెట్టిన.

ఆ పదకొండు మంది ఇండ్లకు పోయిన. ఆరుగురు దొరికిన్రు. ఒకామె తలుపు తియ్యలేదు. ఒక పిల్ల పని మానేసి పోయిందట, ఎక్కడికో ఎవరికీ తెలియదు, ఆ రూముల వేరే వాళ్లు ఉంటున్నరు. ఒక పెద్దామె, కూలీకి పోయే మనిషి, నన్ను చూడంగనే గుర్తుపట్టింది. "అప్పుడు నిలబెట్టినవు గద సారూ, ఇప్పుడు కూసో" అని పీట వేసింది. నేను కూర్చోలేక వాకిట్లనే నిలబడి ఆమె చెప్పింది రాసుకున్న.

నాకు మెమో వచ్చింది. లిస్టుల నుంచి పేరు తీసేసిన్రు. నల్గొండల గార్డు డ్యూటీకి పంపుతున్నరు. అది అన్యాయమని నేను అనుకోను. కేసుల లెక్క పెరిగి, మొన్నటి పట్టికల మా ఠాణా అన్నిటికన్నా కిందికి పోయింది.

యాదమ్మకు నేను ఉత్తరం రాయాలని నాలుగుసార్లు మొదలుపెట్టిన. "అమ్మా" అని రాసినంక ముందుకు పోతలేదు.

తమ్ముడు
జాషువా


కోయిలగుట్ట
22 మార్చి 2016

తమ్మీ,

నీ ఉత్తరం అందినంక చానా రోజులు జవాబు రాయలేదు. కోపం పోయిందని కాదు, ఉన్నదని కాదు. ఏం రాయాలో తెలియలేదు. నువ్వు నిజం రాసినవు. ఆ నిజం చదువుకుంట నాకు నీ మీద జాలి కలిగింది, కలిగినందుకు నా మీద నాకే సిగ్గయింది.

గోడకున్న లామినేషన్ తీసేసిన. మేకు గుంత అట్లనే ఉన్నది. ఐలేశం బిడ్డ బరువు మళ్లీ చూసి, ఎక్కడ వేయాలో అక్కడ చుక్క వేసిన. సూపర్‌వైజర్ మొఖం మాడ్చుకున్నది. ఏం చేస్తం.

పిల్లల సంగతి. గ్లోరీ ఎట్లాగు కంపెనీలనే ఉన్నది. శ్రీవాణి కూడా మళ్లీ పోత అంటున్నది. రఘుపతి వద్దనే అన్నడు. యాదమ్మ వచ్చి నన్ను, "అక్కడ ఇప్పుడు భయం లేదా ఈదమ్మా?" అని అడిగింది. ఈసారి నేను లెక్క చెప్పలేదు. "భయం ఉన్నదో లేదో తెల్వదు. పోయి చెప్పుకుంటే ఇప్పుడు రాస్తున్నరట" అన్న. ఆమె లేచి పోయి బియ్యం, పచ్చడి సీసా కట్టింది. ఆదివారం శ్రీవాణి బస్సు ఎక్కుతది.

నువ్వు అక్కడ లేవని చెప్పిన. శ్రీవాణి ఏమన్నదో తెలుసా? "మామ లేకపోయినా సరే, ఒక్కటి అడుగు పెద్దమ్మా. ఆ తోవల నిజంగ కుక్కలు ఉన్నయా?" అన్నది. ఆ పిల్ల ఇప్పటికీ తనదే తప్పనుకుంటున్నది. మామ ముందే చెప్పిండు, నేను వినకుండ పోయిన అనుకుంటున్నది. నేను చెప్పొచ్చు. గని ఆ మాట రాసింది నువ్వు. నువ్వే రాయి.

అక్క


పోస్టుకార్డు
నల్గొండ
26 మార్చి 2016

అక్కా,

ఎవరు చదివినా సరే అని కార్డు మీద రాస్తున్న.

శ్రీవాణికి చెప్పు. ఆ తోవల కుక్కలు లేవు. అప్పుడూ లేవు. అక్కడ ఏమున్నదో నాకు తెలుసు, తెలిసే కుక్కలని రాసిన. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు.

అప్పుడు నా పట్టిక చదివినవు కదా, సంఘంల అందరి ముందర. ఈ కార్డు కూడా అట్లనే చదువు. యాదమ్మ ముందు వరుసల కూర్చున్నంక చదువు.

జాషువా